నెలల తరబడి ఆపే స్పోర్ట్స్ కారు – 3వ పాఠం: బ్యాటరీని తాగేస్తున్నది ఏది?

రెండో పాఠంలో మల్టీమీటరుతో బ్యాటరీ వోల్టేజీ చూడటం నేర్చుకున్నాం. కారు ఆపి కనీసం ఆరు గంటలయ్యాక మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6, 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12 అంటే పావు. ఏజీఎం బ్యాటరీ (యాసిడ్‌ను గాజుపీచు పొరల్లో పీల్చి ఉంచే రకం) అయితే ప్రతి అంకెకూ 0.1 నుంచి 0.2 దాకా కలుపుకోవాలి. ఆ అంకె రాసిపెట్టుకున్నవాళ్లకు ఈ పాఠం సులువు.

తాళం వేసి వెళ్లిపోయాక కారు ఎంత కరెంటు తాగుతోందో ఈసారి తేలుద్దాం. అది తేలితే మీ కారు ఎన్ని రోజులు ఆగగలదో కాగితం మీదే చెప్పేయొచ్చు. చార్జర్ కొనాలా, క్లాంప్ (బ్యాటరీ పోస్టుకు కేబుల్‌ను బిగించే పట్టీ) ఊడదీయాలా, ఏమీ చేయక్కర్లేదా అన్నది ఆ తర్వాతి మాట. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ముందు కొత్త బ్యాటరీ వేయిస్తారు, రెండు నెలలకు అదీ డౌన్. ఓడ ఎక్కితే నెలల తరబడి ఇంటికి రాని మెర్చంట్ నేవీవాళ్లు, సెలవులకు మాత్రమే వచ్చే ఎన్నారైలు విశాఖలో తక్కువేం కాదు. వాళ్లకు ఈ లెక్క తప్పదు.

ముందు కాగితం మీద

ఇంజిన్ ఆపినా కారులో అలారం, కీలెస్ రిసీవర్, గడియారం, బాడీ కంప్యూటర్ మెలకువగానే ఉంటాయి. ఇవన్నీ కలిపి 20 నుంచి 50 మిల్లీ ఆంప్స్ తాగితే అది మామూలే. 50, అంటే 0.05 ఆంప్స్, అనుకుందాం. 24 గంటలతో గుణిస్తే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పేదీ ఈ కొలతతోనే. బ్యాటరీ 60 ఆంపియర్ అవర్లదైతే సగం, అంటే 30, అయిపోవడానికి 25 రోజులు పడుతుంది. అదే 30 మిల్లీ ఆంప్స్ అయితే 41 రోజులు. 300 అయితే నాలుగు రోజులే!

సగం దగ్గరే ఎందుకు ఆగాలంటే, డిస్చార్జ్ అవుతున్న కొద్దీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జ్ చేస్తే కరిగిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే గట్టిపడి, ఎంత చార్జ్ చేసినా పూర్తిగా కరగదు. అప్పుడు 60 అని రాసున్న బ్యాటరీ నిజానికి 40దో, 35దో అయిపోతుంది. స్పోర్ట్స్ కార్లలో బరువు తగ్గించడం కోసం చిన్న బ్యాటరీ పెట్టడం కూడా ఉంది కాబట్టి ఈ నష్టం త్వరగా బయటపడుతుంది.

ఈ లెక్కకు ఇంకొకటి కలపాలి. ఏ తీగా తగిలించకపోయినా బ్యాటరీ తనంతట తానే కొంత పోగొట్టుకుంటుంది. 25 డిగ్రీల దగ్గర నెలకు సుమారు 3 నుంచి 5 శాతం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం దాదాపు రెట్టింపు. విదేశీ వీడియోల్లో చలి గురించి తెగ భయపెడతారు, మనం పట్టించుకోవాల్సింది వేడిని. మే నెలలో గాలి ఆడని సెల్లార్‌లో ఉన్న కారుకూ డిసెంబరులో ఉన్న కారుకూ ఒకే లెక్క వేయొద్దు.

కొలవడం

కావాల్సినవి: 10 ఆంప్స్ సాకెట్ ఉన్న మల్టీమీటరు, మొసలి క్లిప్పులున్న రెండు వైర్లు, పదో నంబరు స్పానర్, ఒక స్క్రూడ్రైవర్, గంటన్నర ఓపిక.

అద్దం ఒకటి పూర్తిగా దించండి. తర్వాత బానెట్ తెరవండి, బ్యాటరీ డిక్కీలో ఉంటే డిక్కీ తెరవండి. మూత తెరిచి ఉన్నంతసేపూ కారు నిద్రపోదు కాబట్టి, లాక్ నోట్లోని కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసుకున్నట్టు చేయండి. పని అయ్యాక మూత వేసేముందు దాన్ని మళ్లీ విడిపించాలి, లేకపోతే మూత కొక్కేనికి కొట్టుకుంటుంది. కారు లాక్ చేసి, తాళం ఇంట్లో దూరంగా పెట్టిరండి. తాళం దగ్గర్లో ఉంటే కీలెస్ రిసీవర్ మళ్లీ మళ్లీ లేస్తుంది. ఎంవీపీ కాలనీలోని సొంతిళ్లలో లాగ పోర్టికో గోడకు అవతలే తాళాల స్టాండ్ ఉంటే, మామూలు రోజుల్లో కూడా బ్యాటరీకి అదే చేటు.

ఎర్ర ప్రోబ్‌ను 10 ఆంప్స్ సాకెట్‌లోకి మార్చండి. క్లిప్పుల వైర్లను మీటరు ప్రోబ్‌లకు కలిపి, ఒక క్లిప్పు బ్యాటరీ మైనస్ పోస్టుకు, రెండోది మైనస్ కేబుల్‌కు తగిలించండి. ఇప్పుడు స్పానర్‌తో క్లాంప్ వదులు చేసి పైకి లేపండి. ముందే మీటరు తగిలించాం కాబట్టి కరెంటు ఒక్క క్షణం కూడా తెగదు, కంప్యూటర్లు రీసెట్ కావు. ముందు క్లాంప్ తీసేసి ఆ తర్వాత మీటరు కలిపితే మాడ్యూళ్లన్నీ (కారులోని చిన్న కంప్యూటర్లు) ఒక్కసారిగా లేచి, వచ్చే అంకె అబద్ధం చెబుతుంది.

మొదట్లో ఒకటో రెండో ఆంప్స్ కనిపించినా కంగారు పడకండి. అంకె మెట్లు మెట్లుగా దిగుతుంది. కొన్ని కార్లు ఇరవై నిమిషాల్లో నిద్రపోతాయి, కొన్నిటికి గంట పడుతుంది. గంట తర్వాత 0.05 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే మంచిదే. 0.1 దాటితే వెతకాల్సిందే. అంకె దిగి మళ్లీ ఎగిరి మళ్లీ దిగుతుంటే ఏదో మాడ్యూల్ ఆగి ఆగి మేల్కొంటోందని అర్థం.

మీటరు ఇలా ఉన్నంతసేపూ హెడ్‌లైట్లు వేయొద్దు, సెల్ఫ్ అసలే కొట్టొద్దు, మీటరు ఫ్యూజ్ పోతుంది. పని అయ్యాక క్లాంప్ బిగించి ఆ తర్వాతే క్లిప్పులు తీయండి. ఎర్ర ప్రోబ్‌ను వోల్టుల సాకెట్‌లోకి మార్చడం మరిచిపోవద్దు. మరిచిపోయి మరునాడు వోల్టేజీ చూద్దామని ప్రోబ్‌లు బ్యాటరీకి ఆనిస్తే నేరుగా షార్ట్ చేసినట్టే.

దొంగ ఎక్కడ?

లీకేజీ ఎక్కువని తేలితే ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకడం పాత పద్ధతి. పీకి పెట్టినప్పుడల్లా ఏదో ఒక మాడ్యూల్ లేస్తుంది, మళ్లీ గంట కాచుకోవాలి. అంతకన్నా ఫ్యూజును కదపకుండా దాని మీద మిల్లీ వోల్టులు కొలవడం మేలు. బ్లేడు ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. మీటరును మిల్లీ వోల్టుల్లో పెట్టి రెండు ప్రోబ్‌లూ వాటికి ఆనించండి. సున్నా వస్తే ఆ దారిలో కరెంటు పారడం లేదు. 10 ఆంప్స్ మినీ ఫ్యూజు మీద 0.1 మిల్లీ వోల్టు వస్తే సుమారు 13 మిల్లీ ఆంప్స్ పారుతున్నట్టు, 15 ఆంప్స్ ఫ్యూజు మీదైతే సుమారు 20. 0.1 దాకా చూపించని చవక మీటరు దీనికి పనికిరాదు.

మా అనుమానం మాత్రం ముందు బయట బిగించిన సామాను మీదే. పార్కింగ్ మోడ్‌లో నడిచే డాష్‌క్యామ్ 250 నుంచి 400 మిల్లీ ఆంప్స్ తాగడం మామూలు. జీపీఎస్ ట్రాకర్, తర్వాత వేయించిన యాంప్లిఫయర్, కంప్యూటర్ సాకెట్‌లో గుచ్చి వదిలేసిన స్కానర్ వరసలో ఉంటాయి. గ్లవ్ బాక్స్ మూత సరిగా పడక 5 వాట్ల బల్బు వెలుగుతూ ఉండిపోతే 0.4 ఆంప్స్, రోజుకు దాదాపు 10 ఆంపియర్ అవర్లు. 60 బ్యాటరీ మూడు రోజుల్లో సగానికి పడిపోతుంది. ఇవేవీ కాకపోతే ఆల్టర్నేటర్‌లో (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని నింపే యంత్రం) డయోడ్ లీక్ అవుతోందేమో చూడాలి. దాని మందపాటి వైరు తీసేయగానే అంకె పడిపోతే దొంగ దొరికినట్టే. ఫాస్టాగ్‌ను అనుమానించేవాళ్లూ ఉన్నారు. అందులో బ్యాటరీ లేదు, కారు వైరింగ్‌తో సంబంధమూ లేదు.

సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు ఇంకొకటి చూడాలి. లాసన్స్ బే నుంచి రుషికొండ దాకా గాలిలోని ఉప్పు తేమతో కలిసి బ్యాటరీ నెత్తిన జిడ్డుపొరగా పడుతుంది. ఆ పొర ప్లస్ నుంచి మైనస్‌కు సన్నటి దారి వేస్తుంది, మైనస్ కేబుల్ తీసేసినా అది ఆగదు. మీటరును వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబ్ మైనస్ పోస్టుకు ఆనించి, ఎర్ర ప్రోబ్‌ను ప్లాస్టిక్ పెట్టె మీద ప్లస్ వైపు మెల్లగా జరపండి. పెట్టె పొడిగా, శుభ్రంగా ఉంటే దాదాపు సున్నా. అర వోల్టు, వోల్టు కనిపిస్తే శుభ్రం చేయాలి. గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి, గుడ్డ తడిపి పిండి తుడవండి. సోడా నీళ్లు మూతల సందుల్లోంచి లోపలికి పోకూడదు. ఆరాక పోస్టులకు, క్లాంపులకు వేజలీన్ పలచగా పట్టించండి. క్లాంప్ మీద ఆకుపచ్చ బూజు కనిపిస్తే అది రాగి తినిపోతున్న గుర్తు.

ఇక నిర్ణయం

లీకేజీ 50 లోపు ఉండి, బ్యాటరీ నిండుగా ఉండి, మీరు వెళ్లేది రెండు వారాలకైతే ఏమీ చేయొద్దు. తాళం వేసి వెళ్లండి.

మూడు వారాలు దాటితే, సెల్లార్‌లో మీ ఇంటి కరెంటు మీటరు మీద ప్లగ్ పాయింట్ ఉంటే, బ్యాటరీ మెయింటెయినర్‌కు మించింది లేదు. ఇది పాతకాలపు ట్రికిల్ చార్జర్ కాదు. ముందు 14.4, 14.7 వోల్టుల దాకా నింపి, తర్వాత 13.6 దగ్గర పట్టి ఉంచుతుంది. 60 నుంచి 90 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 3.5 లేదా 5 ఆంప్స్‌ది తీసుకోండి. 0.8 ఆంప్స్ చిన్నది నిండిన బ్యాటరీని నిలుపుతుందే గానీ, ఖాళీదాన్ని నింపడానికి రోజులు పడుతుంది. కరెంటు బిల్లు గురించి దిగులొద్దు, 5 వాట్లు తిన్నా నెలకు 3.6 యూనిట్లే.

ప్లస్ క్లిప్పు ప్లస్‌కే. మైనస్ మాత్రం, పోస్టు మీద సెన్సర్ ఉన్న కార్లలో, నేరుగా పోస్టుకు కాకుండా బాడీ ఎర్త్‌కు (మైనస్ కేబుల్ కలిసే కారు బాడీలోని లోహానికి) పెట్టాలి. లేకపోతే లోపలికి వెళ్లిన చార్జ్ కారు లెక్కలోకి రాదు. రెండూ బిగించాకే గోడ స్విచ్ వేయండి. చార్జరును నేల మీద కాకుండా గోడకు తగిలించండి, సెల్లార్లలోకి నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పలేం. వెళ్లేముందు ఒకసారి మెయిన్ స్విచ్ ఆపి వేసి చూడండి. కరెంటు పోయి వస్తే కొన్ని చార్జర్లు మళ్లీ వాటంతటవి మొదలుపెట్టవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. లీకేజీ 40 దగ్గర ఉన్న కారుకు పది రోజులు కరెంటు లేకపోయినా పోయేది 10 ఆంపియర్ అవర్లలోపే. లీకేజీ ముందు తగ్గించమనడం అందుకే.

రెండు జాగ్రత్తలు. బాగా డౌన్ అయిన బ్యాటరీని కోలుకునేలా చేయడానికి చార్జరు 15.8 వోల్టులిచ్చే రీకండిషన్ మోడ్‌ను, బ్యాటరీ కారులో ఉండగా వాడొద్దు. లిథియం బ్యాటరీ ఉంటే దానికి లిథియం మోడ్ ఉన్న చార్జరే కావాలి. రీకండిషన్ బటన్ దాన్ని పాడు చేస్తుంది.

ప్లగ్ పాయింట్ లేనివాళ్లకు మైనస్ ఊడదీయడమే దారి. ఇంజిన్ ఆపి పావుగంట ఆగండి, ఫ్యాన్లు, పంపులు ఆగిపోవాలి. తీసేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర. తీసిన క్లాంప్‌కు గుడ్డ చుట్టి పక్కకు కట్టేయండి, స్ప్రింగులా వెనక్కొచ్చి పోస్టుకు తగులుతుంది. అలారం, ట్రాకర్ పనిచేయవని గుర్తుంచుకోండి.

స్పోర్ట్స్ కార్ల ప్రత్యేకమైన చిక్కు ఇక్కడే. ఫ్రేమ్ లేని తలుపుల్లో హ్యాండిల్ లాగగానే అద్దం కొద్దిగా కిందికి దిగి రబ్బరు నుంచి బయటపడుతుంది. బ్యాటరీ లేకపోతే అది దిగదు. బలంగా లాగితే రబ్బరు చిరుగుతుంది, కొన్నిసార్లు అద్దమే పగులుతుంది. అందుకే క్లాంప్ తీసేముందే అద్దాలు రెండంగుళాలు దించి, కారు మీద కవర్ వేయండి. ఇక బ్యాటరీ ముందు డిక్కీలో ఉండి, ఆ మూత కరెంటుతో తెరుచుకునేదైతే, క్లాంప్ తీశాక మూత పూర్తిగా మూయకండి, మడిచిన తువ్వాలు అడ్డం పెట్టండి. మూసేసినవాళ్లకు కొన్ని తరాల పోర్షా 911, బాక్‌స్టర్‌లలో ఒక దారి ఉంది. కాళ్ల దగ్గరి ఫ్యూజ్ బాక్స్‌లోంచి బయటికి లాగే ప్లస్ టెర్మినల్‌కు బయటి బ్యాటరీ తగిలిస్తే మూత తెరుచుకుంటుంది.

వారానికోసారి వాచ్‌మన్‌తో పది నిమిషాలు స్టార్ట్ చేయించడం మా సలహా కాదు. 50 మిల్లీ ఆంప్స్ లీకేజీతో వారంలో పోయేది 8.4 ఆంపియర్ అవర్లు. ఐడిల్‌లో 15 ఆంప్స్ చొప్పున ఎక్కినా పది నిమిషాలకు తిరిగొచ్చేది 2.5. పైగా ఇంజిన్ వేడెక్కక ముందే ఆపేస్తే సైలెన్సర్‌లో నీరు, ఆయిల్‌లో పెట్రోలు మిగులుతాయి. నడిపేవాళ్లుంటే ఆర్‌కే బీచ్ నుంచి భీమిలి దాకా తీసుకెళ్లి తెమ్మనండి, అది లెక్కలోకి వస్తుంది.

ఇంటిపని: మీ కారు లీకేజీ కొలిచి, బ్యాటరీ మీద రాసున్న ఆంపియర్ అవర్లలో సగాన్ని రోజువారీ ఖర్చుతో భాగించండి. వచ్చిన రోజుల్లోంచి వేసవైతే నాలుగో వంతు తీసేయండి. నాలుగో పాఠంలో పూర్తిగా డౌన్ అయిన బ్యాటరీని జంపర్ కేబుల్స్‌తో లేపడం, ఆ తర్వాత అద్దాలకు, స్టీరింగుకు మళ్లీ నేర్పించడం చూద్దాం. దానికి 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్స్ కావాలి, పలచటివి కొనకండి.