ఉత్తరాలు, శాసనాలు, రాజుల కథలు: మన సీమ నుంచే చదవడం మొదలుపెట్టాలంటే

చరిత్ర పుస్తకాలు చదవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరైనా అడిగితే ఎక్కువమంది చెప్పే మాట ఒకటే, ఏదైనా ఒక పెద్ద రాజు జీవిత చరిత్ర తీసుకో అని. తీసుకుంటారు, మొదటి అధ్యాయంలోనే వంశవృక్షం, బిరుదులు, ఎవరు ఎవరి కొడుకు అనే గొడవ, అక్కడితో ఆ పుస్తకం బీరువా ఎక్కుతుంది. నేనైతే తిరగేసి చెప్తా. ముందు ఉత్తరాలు చదవండి, ఆ తర్వాత శాసనాలు, రాజుల జీవిత చరిత్రలు అన్నిటికన్నా చివర.

ఎందుకంటే ఉత్తరం చేతిలో ఉన్నప్పుడు రెండు సంగతులు అడక్కుండానే తెలుస్తాయి, రాసింది ఎవరు, ఎవరికి అని. మూడోది మనమే అడగాలి: ఆ ఇద్దరి మధ్యలో దాన్ని ఇంకెవరు చదివారు? ఈ మూడూ ఉత్తరాల మీద అలవాటు చేసుకుంటే రాతి మీద ఉన్నదాన్నీ, అట్టేసి అచ్చేసినదాన్నీ కూడా అట్లే చదవగలుగుతాం. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఉన్నవాళ్లకి ఇంకో సుఖం కూడా ఉంది, ఈ మూడు రకాలకీ సరుకు బస్సు దూరంలోనే దొరుకుతుంది.

మొదటి పుస్తకంగా థామస్ మన్రో ఉత్తరాలు పెట్టుకోండి. మనకి ఆయన కలెక్టరుగా తెలుసు, 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక వచ్చిన మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు, 1807 దాకా ఇక్కడే. కానీ 1780లో మద్రాసులో ఓడ దిగినప్పుడు ఆయన ఉత్త క్యాడెట్, అంటే ఇంకా ఆఫీసరు కాని కుర్రాడు. హైదరలీతో యుద్ధంలో తిరిగినవాడు. గ్లాస్గోలో ఉన్న అమ్మానాన్నలకి, తోడబుట్టినవాళ్లకి ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నాడు. 1789లో తోడబుట్టిన ఆమెకు రాసిన ఒక ఉత్తరంలో ఆకలి, దాహం, అలసట, పేదరికం ఇవన్నీ ఇండియాకి వచ్చాకే తనకి తెలిశాయనీ, తలకింద దిండుగా పుస్తకమో తూటాల సంచో పెట్టుకుని పడుకునేవాణ్ణనీ చెప్తాడు. ఇండియాకి పోతే డబ్బు మూటలు కట్టుకోవచ్చని ఇంటి దగ్గర అనుకుంటున్న రోజుల్లో రాసిన మాట అది. ఇంట్లోవాళ్లని నవ్వించాలనే ఆశ కూడా ఆ ఉత్తరంలో కనిపిస్తుంది కాబట్టి కష్టాన్ని కొంచెం పెంచి చెప్పాడా అని అనుమానించే హక్కు మనకుంది.

ఆ మన్రోయే కలెక్టరయ్యాక మద్రాసు ప్రభుత్వానికి రాసిన రిపోర్టులు చూడండి, శిస్తు, పాళెగాళ్లు, రైత్వారీ (రైతు దగ్గరే నేరుగా శిస్తు తీసుకునే పద్ధతి), ఒక్క జోకు ఉండదు. మూడో గొంతు మన ఊళ్లది. ఆయన పేరు మీద పిల్లలకి మన్రోలప్ప అని పెట్టుకున్నారు, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం దగ్గర ఆయనకి స్వామి కనిపించి మాట్లాడాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంటికి రాసింది, పైవాళ్లకి రాసింది, జనం చెప్పుకున్నది, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చదవడమే మీ మొదటి పని. ఏది నిజం అని తీర్పు చెప్పాల్సిన తొందరేం లేదు, ఏది ఎవరి కోసం తయారైందో రాసుకుంటే చాలు. 1827లో ఆయన పత్తికొండలో కలరాతో పోయాడు, గుత్తిలో పూడ్చారు, తర్వాత అవశేషాలని మద్రాసు కోటలోని చర్చికి తీసుకెళ్లారు. ఆ ఉత్తరాల్ని ఏరి జీవిత చరిత్రలో కలిపి 1830లో అచ్చేసినవాడు జి. ఆర్. గ్లెయిగ్ అనే మతగురువు. అంటే మనిషి పోయిన మూడేళ్లకే, ఇంటివాళ్లూ స్నేహితులూ బతికుండగా, ఆయన్ని మెచ్చుకునే మనిషి ఏరినవి. ఏం వదిలేశారో మనకి కనపడదు, కానీ వదిలేసి ఉంటారని గుర్తుపెట్టుకుని చదవాలి. పుస్తకం పాతది కాబట్టి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ ఉచితంగా దొరుకుతుంది, ఇంగ్లీషు కొంచెం పాత ధోరణిలో ఉంటుంది, డైలాగులా గట్టిగా చదివితే తేలిగ్గా పట్టుబడుతుంది.

రెండోది మొదటి ప్రపంచ యుద్ధం. ఫ్రాన్స్‌లో ఉన్న ఇండియన్ సిపాయిల ఉత్తరాల్ని సెన్సారు చెయ్యడానికి బ్రిటిష్ వాళ్లు ప్రత్యేకంగా ఆఫీసు పెట్టారు, వాటిలోంచి కొన్ని ముక్కల్ని ఇంగ్లీషులోకి మార్చి రిపోర్టులు తయారుచేశారు. ఆ రిపోర్టులు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, వాటి నుంచి డేవిడ్ ఒమిస్సీ 1999లో ఒక సంకలనం తెచ్చాడు. ఇక్కడ మూడో ప్రశ్న అసలు విశ్వరూపం చూపిస్తుంది. చాలామంది సిపాయిలకి రాయడం రాదు, చెప్తుంటే ఇంకొకరు రాసిపెట్టారు. దాన్ని సెన్సారు చదివాడు, ఇంకెవరో తర్జుమా చేశారు, చివరికి చరిత్రకారుడు ఏరుకున్నాడు. ఊళ్లో కూడా చాలా ఇళ్లలో చదువుకున్న ఇంకొకరే చదివి వినిపించాలి. సిపాయికి ఇదంతా తెలుసు, అందుకే గుట్టుగా రాశాడు. నల్ల మిరియాలు అయిపోతున్నాయి, ఎర్ర మిరియాలు తక్కువే వాడుతున్నారు అని రాస్తే నల్లవి అంటే మనవాళ్లు, ఎర్రవి అంటే తెల్లవాళ్లు. ఇట్లాంటి చోట పెన్సిలు పెట్టి ఆగండి, వంటసామాను, వాతావరణం, పెళ్లిళ్లు పదేపదే వస్తున్నాయంటే ఒకసారి వెనక్కి తిరిగి చదవాలి.

ఆ సంకలనంలో ఎక్కువ భాగం పంజాబు, ఉత్తరాది సిపాయిలదే, తెలుగు గొంతు కోసం వెతికితే నిరాశ పడతారు. మన వైపు మనుషుల కోసం వేరే దారి ఉంది, కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో చనిపోయిన సైనికుల జాబితా ఉచితంగా వెతుక్కోవచ్చు. మద్రాసు సేపర్లు, అంటే సైన్యంలో ఇంజనీరింగు పని చేసే సిపాయిలు, మెసపొటేమియా (ఇప్పటి ఇరాక్) దాకా వెళ్లారు, కాబట్టి బాస్రా స్మారకం కింద కూడా చూడండి. కొన్ని పేర్ల పక్కన ఊరు, తండ్రి పేరు ఉంటాయి, కొన్నింటికి ఉండవు. కడప అని వెతికేటప్పుడు ఇప్పటి స్పెల్లింగు పనిచెయ్యదు, సీ యూ డీ డీ ఏ పీ ఏ హెచ్ అనే పాతది కొట్టాలి. ఊర్ల పేర్లు కూడా దొరల ఉచ్చారణలోనే ఉంటాయి, రెండు మూడు రకాలుగా రాసి చూడండి.

ఇక శాసనాలు. శాసనమంటే భయపడేవాళ్లకి నేను చెప్పేది, అది రాజు రాసిన బహిరంగ ఉత్తరం అనుకోండి అని. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది, అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలూ రెండు చిన్న శాసనాలూ అక్కడి బండల మీదే ఉన్నాయి. వెళ్లేముందు అనువాదం ప్రింటు తీసుకుని వెళ్లండి, లేకపోతే బండలు చూసి ఫోటో దిగి రావడమే అవుతుంది. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకి, సాలు చివర మళ్లిన ఎద్దుల్లా తిరుగుతాయి. చెప్పింది ఎవరికి అనేది కూడా అందులోనే ఉంది: రజ్జుకులనే అధికారులకి ఆజ్ఞ, వాళ్లు పల్లెజనానికి చెప్పాలి, తల్లిదండ్రుల మాట వినమని, ప్రాణుల మీద దయ ఉంచమని, నిజం చెప్పమని. ఏనుగులు నడిపేవాళ్లకి, కరణాలకి కూడా చెప్పాలంట.

పదమూడో శాసనం దగ్గర ఎక్కువసేపు ఉండండి. కళింగ యుద్ధంలో లక్షన్నర మందిని పట్టుకుపోయారు, లక్షమంది చచ్చారు, అంతకు ఎన్నో రెట్లు మంది ఇతరత్రా పోయారు అని రాజే ఒప్పుకుని బాధపడే శాసనం అది. ఎర్రగుడిలో ఉంది. కానీ కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడలలో అది లేదు, దాని బదులు వేరే శాసనాలు చెక్కించారు. దెబ్బతిన్న జనానికి తప్ప మిగతా అందరికీ పశ్చాత్తాపం చెప్పుకున్నాడన్నమాట. ఎందుకు అనేదానికి రకరకాల ఊహలున్నాయి, మీరూ ఒకటి రాసుకోండి. అశోకుడి మీద ఏ పుస్తకం కొనాలన్నా ముందు ఈ సంగతి ఉందా లేదా అని తిరగేసి చూడండి, లేకపోతే ఆ పుస్తకాన్ని నేను అంతగా నమ్మను.

బండ దగ్గర ఒక చిట్కా, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు అక్షరాలు బాగా కనిపిస్తాయి. సుద్దముక్క పెట్టి గీయడం, నీళ్లు పోసి రుద్దడం లాంటివి ఎంతమాత్రం వద్దు.

ఎర్రగుడికి పూర్తిగా వ్యతిరేకం కలమళ్ల. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం, క్రీ.శ. 575 నాటి శాసనం, మొదటి తెలుగు శాసనంగా అందరూ చెప్పేది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడు ఏలుతున్నాడు అనేదాకా అర్థమవుతుంది, మిగతాది ముక్కలు ముక్కలు. అక్కడున్నది ఒక మనిషి పేరు, ఒక ప్రాంతం పేరు, కొన్ని మాటలు, అంతే. ధనంజయుడు ధీరోదాత్తుడు, ప్రజల్ని కన్నబిడ్డల్లా చూశాడు అని ఎవరైనా రాశారంటే అది వాళ్ల మంచితనం, శాసనంలోది కాదు.

తేదీల లెక్క నేర్చుకుంటే సగం టెన్షన్ పోతుంది. శక సంవత్సరానికి 78 కలిపితే మామూలు సంవత్సరం వస్తుంది, ఫసలీకి (పాత శిస్తు లెక్కల సంవత్సరానికి) 590. ప్రభవ, విభవ పేర్లు ఉంటే జాగ్రత్త, అరవై ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది. పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన 1965 విశ్వావసు, 2025 కూడా విశ్వావసే. అందుకే పేరు ఒక్కటే ఉంటే ఇంకో ఆధారం దొరికేదాకా సంవత్సరం వెయ్యకండి.

ఇప్పుడు రాజుల జీవిత చరిత్రలు పట్టుకోవచ్చు. కృష్ణదేవరాయలైతే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసింది చదవండి, రాబర్ట్ సీవెల్ 1900లో అచ్చేసిన విజయనగర చరిత్రలో ఇంగ్లీషులో ఉంది. రాయచూరు యుద్ధానికి 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు వెళ్లాయంటాడు. అంకె అంత కచ్చితంగా ఉంటే నిజమైపోదు. ఏడు లక్షలమందికి తిండి, గుర్రాలకి గడ్డి, నీళ్లు, తుంగభద్ర దాటడం, ఇవి మన సీమ వేసవిని చూసినవాళ్లు ఇంకొకరిని అడగక్కర్లేదు. అట్లాగే రాయవాచకం రాయల కాలంలో కళ్లారా చూసి రాసిన నివేదికలా ఉంటుంది గానీ, అది తర్వాతి కాలంలో మధుర నాయకుల కొలువుకి చెందినదని పండితుల అభిప్రాయం. చదవండి, బాగుంటుంది, కానీ రాయల మాటలుగా ఉటంకించొద్దు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విషయంలో ఇంకా తేలిక. 1847లో కోయిలకుంట్లలో ఉరి తీసి, తలని 1877 దాకా కోట గోడ మీద వేలాడదీశారు. కంపెనీ అధికారుల ఉత్తరాల్లో ఆయన తిరుగుబాటుదారు, దోపిడీదారు, పాటల్లో వీరుడు. ఏదో ఒక్కటే చదివి వాదనకి దిగేవాళ్లు ఎక్కువ, రెండూ చదివినవాళ్లు తక్కువ.

పుస్తకాలు ఎక్కడ అంటే, కడపలో ఉంటే ఎర్రముక్కపల్లె దగ్గర సి. పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం, అక్కడి నుంచే కడప జిల్లా కైఫియతులు అచ్చయ్యాయి. కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్న ఊరి చరిత్రలవి, మీ ఊరి పేరు వెతుక్కోండి. కర్నూలు, అనంతపురం వాళ్లు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పాత జిల్లా మాన్యువల్, గెజిటీర్ అని అడగండి: కడపకి గ్రిబుల్ 1875, కర్నూలుకి గోపాలకృష్ణమ చెట్టి 1886, అనంతపురానికి ఫ్రాన్సిస్ 1905. రిఫరెన్సు విభాగంలోవి ఇంటికి ఇవ్వరు, నోట్సు పుస్తకం తీసుకెళ్లండి.

చివరిగా మీ ఇంట్లోనే ట్రంకు పెట్టెలో మిలిటరీ జాబులు ఉంటే, ఈ పుస్తకాలన్నిటికన్నా అవే ముందు. మన మూడు జిల్లాల్లో పట్టాలంలో పనిచేసినవాళ్లు లేని ఊరు తక్కువే. ముందు పెద్దవాళ్లని అడిగి తియ్యండి, అందులో భార్యకి రాసినవి ఉంటాయి, అప్పుల సంగతులు ఉంటాయి. అవ్వ వద్దంటే వద్దు, బతిమాలి తియ్యకండి. ల్యామినేషన్ చేయించకండి, సెల్లో టేపు అంటించకండి, అది కొన్నేళ్లకి పసుపు రంగుకి తిరిగి అక్షరాన్ని తినేస్తుంది. మడతలు మెల్లగా విప్పి, పగటి వెలుతురులో రెండు వైపులా ఫోన్లో ఫోటో తీసి, చెదలు, చెమ్మ తగలని చోట పెట్టండి. కవరు పారెయ్యకండి, తేదీ లోపల లేకపోతే పోస్టు ముద్రలోనే దొరుకుతుంది. 56 ఏపీవో, 99 ఏపీవో (ఏపీవో అంటే ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటే అది చోటు పేరు కాదు, మనిషి ఎక్కడున్నాడో తెలియకుండా ఉండటానికి పెట్టిన అడ్రసు. మనియార్డరు కూపన్ల మీద రాసిన రెండు ముక్కలు కూడా ఉత్తరాలే.

జాబులో మొదటి నాలుగు వరసలు అందరిదీ ఒకటే ఉంటుంది, నాన్నగారి పాదపద్మములకు నమస్కరించి, ఇచ్చట నేను క్షేమము, అచ్చట మీ క్షేమములకు జాబు వ్రాయవలెను. అది దాటాక చదవండి. ఊళ్లో వాన పడిందా, శెనక్కాయ ఎంత అమ్మింది, ఎద్దు కొన్నారా, చెల్లెలి పెళ్లి మాట ఎంతవరకు వచ్చింది అని వరసగా అడుగుతుంటే, తన సంగతి ఒక్క ముక్క కూడా చెప్పట్లేదని గమనించండి. సెన్సారు ఒక కారణం, ఆ జాబుని ఇంట్లోవాళ్లకి చదివి వినిపించేది పోస్టుమాస్టరో బడి అయ్యవారో అని తెలియడం ఇంకో కారణం. ఎవరు చదివిపెట్టేవాళ్లో ఇంట్లో అడిగి, ఆ పేరు కూడా నోట్సులో రాసుకోండి. ఎత్తి రాసేటప్పుడు అక్షర దోషాలు దిద్దకండి, అర్థం కాని మాట దగ్గర ఖాళీ వదిలి పక్కన పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టండి. ఊరికి పోయినప్పుడు ఆ ఖాళీలు పట్టుకెళ్లి మీ పెదనాయననో అవ్వనో అడిగితే సగం అక్కడే పూర్తవుతాయి.