రెండు కుందేళ్లకు ఒకే గూడు – 4వ పాఠం: రెండో దారి

పోయిన పాఠంలో, పాత కుందేలుకు జతగా తెచ్చిన కొత్తదాన్ని ఎవరిదీ కాని చోట కలపమన్నాను. ఆ తర్వాత మీరు రాసినవి చదివి రెండు రోజులు మనసు బాగాలేదు. ఒకరి ఆడ కుందేలుకు చెవి చీరింది. ఇంకొకరి మగదానికి నడుం మీద గుప్పెడు బొచ్చు ఊడొచ్చింది. "మీరు చెప్పినట్టే కొత్త చోట కలిపాం, అయినా కొట్టుకున్నాయి" అని దాదాపు అందరిదీ ఒకే మాట. ఎక్కడ కలిపారని అడిగితే ఎక్కువమంది బాల్కనీ అన్నారు.

బాల్కనీ కొత్త చోటు కాదండీ. మీ పాత కుందేలు రోజూ సాయంత్రం తిరిగేది అక్కడే. దాని గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి. పూలకుండీకీ, చువ్వలకీ, తలుపు అంచుకీ గడ్డం రుద్దుకుంటూ పోతుంది చూడండి, అది "ఇది నాది" అని గుర్తు పెట్టుకోవడం. ఆ వాసన మన ముక్కుకు తెలియదు, రెండో కుందేలుకు తెలుస్తుంది. ఫినాయిల్‌తో కడిగామన్నవాళ్లు నేల కడిగారు. కుండీలు అలాగే ఉన్నాయి. ఇందులో నా తప్పూ ఉంది. "ఎవరిదీ కాని చోటు" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. పాత కుందేలు ఒక్కసారి కూడా అడుగు పెట్టని చోటు అని రాయాల్సింది. చాలా ఇళ్లల్లో అలాంటిది బాత్‌రూమ్ ఒక్కటే. టైల్స్ మీద కాళ్లు జారకుండా పాత దుప్పటి పరిస్తే సరిపోతుంది.

కొట్టుకున్నవి ఉంటే ముందు బొచ్చు పాయలు తీసి చర్మం చూడండి. పంటిగాటు పైకి చుక్కలా కనబడుతుంది, లోపల చీము పట్టి గడ్డ కట్టొచ్చు. పశువుల డాక్టర్‌కు చూపించండి. మానేదాకా విడిగా ఉంచండి. ఆ తర్వాత రెండు బోనులు పక్కపక్కన, మధ్య నాలుగు వేళ్ల ఎడం. ముక్కులు అందితే జాలీలోంచే కొరుక్కుంటాయి. రోజు విడిచి రోజు వాటి మలమూత్రాల ట్రేలు ఒకదానివి ఒకదానికి మార్చండి. మగదానికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయి ఆరు వారాలు నిండకుండా మాత్రం ఆడదాని దగ్గరకు వదలొద్దు. ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలు అది చూడి కట్టించగలదు. నెల తిరిగేసరికి పిల్లలు, ఈనిన రోజే మళ్లీ చూడి. ఆడదానికీ ఆపరేషన్ చేయిస్తేనే జత నిలబడుతుందని మొదటి పాఠంలోనే చెప్పాను.

ఇక గూడు. బాల్కనీకి చెప్పిందే గూటికీ వర్తిస్తుంది. పాత కుందేలు బోనులోకి కొత్తదాన్ని పంపడమంటే అత్తగారి వంటింట్లోకి చెప్పకుండా వెళ్లడమే. కొత్త బోను కొనండి. కుదరకపోతే పాతదాన్ని విప్పి, వెనిగర్ కలిపిన నీళ్లతో జాలీ పుల్ల పుల్లా కడిగి, బాగా ఎండబెట్టి, వేరే గదిలో వేరే ఆకారంలో అమర్చండి. లోపలి సామాను మాత్రం పాతదేదీ వద్దు.

కొలత విషయానికొస్తే, బ్రిటన్‌లో కుందేళ్ల సంక్షేమ సంస్థ ఒక జతకు చెప్పే కనీస కొలత 3 మీటర్లు పొడవు, 2 మీటర్లు వెడల్పు, 1 మీటరు ఎత్తు. అంటే సుమారు పది అడుగులు, ఆరున్నర అడుగులు. రెండు గదుల ఫ్లాట్‌లో అంత చోటు ఎక్కడిదని అడుగుతారు. బోను అనే మాట మర్చిపోండి. కుక్కపిల్లలకు అమ్మే మడత కంచె కొని హాల్లో ఒక మూల చుట్టేయండి. నేను అదే చేశాను. సోఫా అమ్మేశాం. అడుగున ఇనప జాలీ వద్దే వద్దు. కుందేలు పాదం కింద కుక్కకున్నట్టు మెత్తలుండవు, బొచ్చే ఉంటుంది, పుండ్లు పడతాయి. గడ్డి, నీళ్లు, ట్రే గురించి రెండో పాఠం చూసుకోండి. అన్నీ రెండేసి ఉంచండి. మే నెలలో గడ్డకట్టించి గుడ్డ చుట్టిన నీళ్ల సీసాలు కూడా రెండు. కరెంటు పోయినప్పుడు ఉన్న ఒక్క సీసానీ బలమైనదే ఆక్రమిస్తుంది.

అసలు చెప్పాల్సింది దాక్కునే గది గురించి. షాపుల్లో అందంగా చెక్క ఇల్లు అమ్ముతారు. పైకప్పు, కిటికీ బొమ్మ, ఒకే ఒక్క గుమ్మం. జతకు అది ఉచ్చు. మా మల్లి, సాంబ కలిసి ఉండటం మొదలుపెట్టిన మూడో రాత్రి, రెండింటప్పుడు దబ్‌దబ్‌మని చప్పుడైతే లేచాను. మల్లి గడ్డి తినడానికి లోపలికి వెళ్లింది, సాంబ వెనకే వెళ్లి గుమ్మంలో కూర్చున్నాడు. వాడికి కోపమేమీ లేదు, ఊరికే కూర్చున్నాడు. మల్లికి అది తెలియదు. బయటపడే దారి లేదు కాబట్టి మీదపడింది. టార్చి వేసి చూస్తే చెక్క గోడకు బొచ్చు అతుక్కుని ఉంది, సాంబ ముక్కు మీద రక్తం. ఇరవై రోజుల శ్రమ అంతా మళ్లీ మొదటికొచ్చింది. తెల్లారాక రంపంతో వెనక గోడకు రెండో గుమ్మం కోశాను. ఆ తర్వాత ఆ పెట్టెలో గొడవ జరగలేదు.

పారిపోయే దారి లేకపోతే కుందేలు కొట్లాటకు దిగుతుంది. అందుకే గూట్లో ప్రతి చోటికీ రెండు దారులుండాలి, అవీ ఎదురెదురుగా. పక్కపక్కన రెండు గుమ్మాలు పెడితే ఒకే కుందేలు రెండింటికీ అడ్డంగా పడుకోగలదు. గుమ్మం ఒక్కటే ఉన్న అట్టపెట్టె, మూలకు నెట్టిన ఎత్తు అంచుల ట్రే, ఫ్రిజ్‌కీ కంచెకీ మధ్య సందు, చివర బట్ట కట్టేసిన గొట్టం, అన్నీ ఉచ్చులే. రెండంతస్తుల బోను కూడా. పైకి వెళ్లే పలక ఒక్కటే ఉంటుంది, దాని మొదట్లో ఒకటి కూర్చుంటే పైనున్నది బందీ. అవి నాకు మొదటినుంచీ నచ్చవు.

కిరాణా కొట్టు అట్టపెట్టెలే నాకిష్టం. టేపు, పిన్నులు పీకేసి, ఎదురెదురు గోడలకు జానెడు వెడల్పు గుమ్మాలు కోయండి. కొరికేస్తే ఇంకోటి తెచ్చుకోవచ్చు.

అభ్యాసం: ఏమీ కొనకముందే హాల్లో నేల మీద సుద్దముక్కతో గూడు అసలు కొలతకు గీయండి. పెట్టెలు, ట్రేలు, గిన్నెలు వాటి చోట్లలో పెట్టండి. ఇంట్లో ఒకరిని పిలిచి, ఒక్కో గుమ్మం దగ్గర చెప్పు పెట్టమనండి. అది కూర్చున్న కుందేలు అనుకోండి. మిగతా ప్రతి చోటి నుంచీ మీరు వేలితో గీసుకుంటూ ఆ చెప్పును తాకకుండా బయటకు రావాలి. ఒక్కచోట ఇరుక్కున్నా చెరిపి మళ్లీ గీయండి. నాకు పదకొండుసార్లు పట్టింది. కుదిరిన బొమ్మను వారం రోజులు చెరపకుండా ఉంచి, మీరు హాల్లో నడిచేటప్పుడు గీత తొక్కకుండా తిరగండి. తొక్కాల్సి వస్తోందంటే మీ దారికి గూడు అడ్డమే, దాన్ని జరపండి. కుందేళ్లు బాత్‌రూమ్‌లో రెండు పగళ్లు, రెండు రాత్రులు కొట్లాట లేకుండా గడిపాకే ఈ గీతల మీద కంచె నిలబెట్టండి.