లాబ్‌స్టర్ తోక ఎందుకు చెడింది? సమస్య - పరిష్కారం

అమెరికాలో మనవాళ్లు లాబ్‌స్టర్ తోకలు కొనేది ఎక్కువగా క్రిస్మస్ సెలవులకో పెళ్లిరోజుకో. రెండు తోకలకే బాగా డబ్బులవుతాయి కాబట్టి వండేవాళ్లకి టెన్షన్ కూడా ఎక్కువే. రొయ్యలు వండటం వచ్చిన చేతికి ఇది కష్టమైన వంట కాదు, కానీ రొయ్యల కూర అలవాట్లే కొన్ని ఇక్కడ దెబ్బకొడతాయి: పసుపూ ఉప్పూ వేసి నాలుగైదుసార్లు పిసికి కడగటం, నిమ్మరసంలో గంటలు నానబెట్టడం, పులుసులో పడేసి ఉడకనివ్వడం. ఇంకో మాట, పొయ్యి దగ్గర మనం ఎంత జాగ్రత్తపడ్డా తోక అంతకుముందే, కొనేటప్పుడో ఐస్ వదిలించేటప్పుడో సగం చెడిపోయి ఉండొచ్చు. అందుకే ఏ సమస్యకైనా కారణం పొయ్యి దగ్గరికంటే ముందు ఫ్రిజ్ దగ్గర వెతకండి.

ఉడికాక కండ మెత్తగా, పిండిపిండిగా ఉంది

ముందు అది నిజంగా ఉడికిందో లేదో చూడండి. కండ ఇంకా గాజులా పారదర్శకంగా, జిగురుగా ఉంటే అది పచ్చిదే, మరో రెండు నిమిషాలు వేడి చాలు. పూర్తిగా తెల్లబడి కూడా వేలితో నొక్కితే ముద్దలా విడిపోతుంటే కారణం వేరే.

లాబ్‌స్టర్ తలలో జీర్ణగ్రంథి ఒకటి ఉంటుంది, అందులో మాంసాన్ని అరగించే ఎంజైములుంటాయి. ప్రాణి చచ్చిపోయాక తలని తోక నుంచి వెంటనే వేరుచేయకపోతే ఆ ఎంజైములు తోకలోకి దిగి కండని లోపల్నుంచే కరిగించడం మొదలుపెడతాయి. అలా అయిన తోకని ఎంత గొప్పగా వండినా గట్టిపడదు. వెచ్చని సముద్రాల తోకల్లో ఈ ఫిర్యాదు ఎక్కువ వింటాం: కరీబియన్ దీవులు, హోండురాస్, నికరాగువా, బ్రెజిల్ నుంచి వచ్చేవి. అన్నీ చెడ్డవని కాదు, పట్టిన పడవలోనే సరిగ్గా చూసుకుంటే అవీ రుచిగానే ఉంటాయి, కానీ కొనేటప్పుడు మనకది తెలిసే దారి లేదు. కెనడా, అమెరికాలోని మెయిన్ (Maine) రాష్ట్రం నుంచి వచ్చేవీ, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రాక్ లాబ్‌స్టర్‌లూ చల్లని నీళ్లవి, ధర ఎక్కువ, కానీ నమ్మకం కూడా ఎక్కువ. ప్యాకెట్ మీద దేశం పేరు చూడండి. పెంకు మీద లేత పసుపు రంగు పెద్ద చుక్కలుంటే అది దాదాపుగా కరీబియన్ రకమే. మరీ చవగ్గా కనిపిస్తే, వండుకునేది ముఖ్యమైన రోజుకైతే, నేనైతే రెండు పెద్దవి వదిలేసి రెండు చిన్న చల్లనినీళ్ల తోకలే తీసుకుంటాను.

విశాఖలో దొరికేవి పీతకున్నట్టు పెద్ద డెక్కలు లేని స్పైనీ రకం. అక్కడ మొత్తం లాబ్‌స్టర్‌ని తాజాగా కొంటే ఇంటికి తెచ్చేదాకా ఆగకుండా కొన్నచోటే తల, తోక వేరు చేయించి ఐస్‌లో పెట్టించుకోండి, ఇదే కారణం.

రెండో కారణం ఐస్ వదిలించడం. కిచెన్ గట్టు మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వదిలేయడం, వేడినీళ్లలో ముంచడం, మైక్రోవేవ్‌లో పెట్టడం, ఒకసారి కరిగినదాన్ని మళ్లీ ఫ్రీజర్‌లోకి తోయడం, ఇవన్నీ కండని పాడుచేసేవే. ముందు రోజే గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి, 24 గంటలు ఇస్తే పెద్ద తోక కూడా లోపలిదాకా మెత్తబడుతుంది. గాలి తీసేసిన వాక్యూమ్ ప్యాకెట్ అయితే ఫ్రిజ్‌లో పెట్టే ముందే దాన్ని చింపి తోకని బయటికి తీయాలి, ఎందుకంటే గాలి లేనిచోట పెరిగే ప్రమాదకరమైన బాక్టీరియా ఉంటుంది, ఈ విషయంలో బద్ధకం వద్దు. టైమ్ లేకపోతే నీళ్లు చొరబడని జిప్ కవర్‌లో వేసి చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. చిన్నవి అరగంట నుంచి గంటలో దారికొస్తాయి. అలా చేసినవాటిని వెంటనే వండేయాలి.

ఇప్పటికే మెత్తగా అయిపోయిన తోకకి మందు లేదు. వాసన బాగుంటే చిన్నచిన్న ముక్కలు చేసి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కోడిగుడ్లతో పొరటు చేసుకోండి, డబ్బులు పూర్తిగా వృథా కావు.

కండ రబ్బరులా సాగుతోంది

ఇది మన ఇళ్లల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, కారణం ఒకటే: ఎక్కువసేపు ఉడికింది. కండ లోపలి వేడి 140 ఫారెన్‌హీట్, అంటే 60 సెల్సియస్ దగ్గర మెత్తగా, రసంగా ఉంటుంది. 160 దాటితే నీరంతా పిండినట్టు బయటికి పోయి బిగుసుకుపోతుంది. అమెరికా ప్రభుత్వ ఆహార భద్రతా సూచనల్లో సీఫుడ్‌కి చెప్పేది 145, అంటే 63. గర్భిణులు, పెద్దవాళ్లు, ఆరోగ్యం అంత బాగాలేనివాళ్లు తినేటట్టయితే ఆ అంకెకే కట్టుబడండి. మిగతావాళ్లకైతే, 140 దగ్గర దించితే లోపలి వేడికి ఇంకో రెండు మూడు డిగ్రీలు అదే ఎక్కుతుంది. చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, ఒక తోక ఖరీదు కంటే తక్కువకే వస్తుంది, మాంసం వంటలన్నిటికీ పనికొస్తుంది. కండ బాగా మందంగా ఉన్నచోట పక్కనుంచి గుచ్చాలి, పెంకుకి తగలకూడదు. అది లేనప్పుడు లెక్క ఇలా: ఆవిరి మీద అయినా మరిగే నీళ్లలో అయినా ఔన్సుకి సుమారు ఒక నిమిషం, అంటే అయిదారు ఔన్సుల తోకకి అయిదారు నిమిషాలు. అది దాటే ముందే ఒకదాన్ని తీసి మధ్యలో చూడండి.

కూర చేసేవాళ్లకి గట్టిగా చెప్పాల్సింది వేరే ఉంది. ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి, టమాటా, కారం, గరం మసాలా అన్నీ నూనె తేలేదాకా ముందే పూర్తిగా వేయించేసి, ఉప్పూ పులుపూ రుచి చూసుకుని, గ్రేవీ తినడానికి సిద్ధమయ్యాకే లాబ్‌స్టర్ ముక్కలు వేయాలి, సన్నసెగ మీద మూత పెట్టి నాలుగైదు నిమిషాలు, అంతే. ముక్కకి మసాలా పట్టదేమో అని భయం అక్కర్లేదు, దానికీ దారి ఉంది: కండ తీసేసిన పెంకుల్ని కొంచెం నూనెలో వేయించి, నీళ్లు పోసి 20 నిమిషాలు మరిగించి వడకట్టిన నీళ్లతో గ్రేవీ చేయండి, రుచంతా పులుసులోనే ఉంటుంది. నిమ్మరసం, పెరుగు ముందే పట్టించి వదిలేస్తే పులుపుకి కండ పైభాగం పొయ్యి ఎక్కకముందే గట్టిపడుతుంది, నిమ్మకాయ చివర్లో పిండుకోండి.

పెంకుకి అతుక్కుపోయింది, తీస్తుంటే ముక్కలైపోతోంది

లోపల ఇంకా ఐస్ ఉండగానే పొయ్యెక్కించి ఉంటారు, లేదా సరిగ్గా ఉడకలేదు. పచ్చి కండ పెంకుని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ముందే కిచెన్ కత్తెరతో వీపు మీద పెంకుని తోక రెక్కల దాకా నిలువుగా కత్తిరించండి, రెక్కల్ని మాత్రం కోయొద్దు. రెండువైపులా వేళ్లతో కొంచెం విడదీసి, చెంచా వెనక భాగాన్ని కండకీ పెంకుకీ మధ్య దూర్చి చుట్టూ వదులు చేసి, రెక్కల దగ్గర అంటుకుని ఉండగానే కండని పైకి లేపి పెంకు మీద కూర్చోబెట్టండి. హోటల్లో ప్లేట్‌లో కనిపించేది ఇదే. నల్లటి పేగు కనిపిస్తే రొయ్యకి తీసినట్టే లాగేయండి. పెంకు అంచులు చాలా పదునుగా ఉంటాయి, చేతికి మందపాటి టవల్ చుట్టుకోండి. ఇది కూడా కుదరకపోతే తోకని మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ముంచి వెంటనే ఐస్ నీళ్లలో వేస్తే కండ పెంకు నుంచి వదులవుతుంది, తర్వాత మిగతా వంట.

వండేసరికి గుండ్రంగా ముడుచుకుపోయింది

కడుపు వైపు కండరం వేడికి లాగుతుంది. రుచికి నష్టమేమీ లేదు. నిటారుగా కావాలంటే కబాబ్ పుల్ల ఒకటి కండ పొడవునా గుచ్చి ఉడికించండి, తర్వాత తీసేయండి.

పైన మాడింది, లోపల పచ్చిగా ఉంది, పైగా స్మోక్ అలారం మోగింది

ఓవెన్‌లో బ్రాయిలర్ (పైనుంచి మాత్రమే మంట తగిలే సెట్టింగ్) పెట్టినప్పటి గొడవ. తోక మంటకి మరీ దగ్గరగా ఉంది, పైన రాసింది వెన్న. వెన్నలో ఉండే పాల పదార్థం 350 ఫారెన్‌హీట్ దగ్గరే నల్లబడి పొగ వదులుతుంది. దీనికి మందు మన డబ్బాలోనే ఉంది: నెయ్యి. ఇక్కడి రెస్టారెంట్లలో లాబ్‌స్టర్ పక్కన చిన్న గిన్నెలో ఇచ్చేది కూడా పాల పదార్థం తీసేసిన వెన్నే. వెల్లుల్లి తరుగు ముందే చల్లితే అది మాడి చేదెక్కుతుంది, కాబట్టి నేతిలో సన్నసెగ మీద వేరుగా వేయించి దించాక పోయండి. కారం, మిరియాలపొడి కూడా కొంచెమే. ట్రేని మంటకి ఆరంగుళాల దూరంలో పెట్టి, అయిదారు ఔన్సులవి ఆరేడు నిమిషాలు చూడండి, అక్కడినుంచి కదలకండి. పైన రంగు వచ్చేసి లోపల ఇంకా ఉడకకపోతే బ్రాయిలర్ ఆపి, ఓవెన్ 400కి మార్చి, పైన ఫాయిల్ కప్పి రెండు మూడు నిమిషాలుంచండి.

నల్ల మచ్చలు, తెల్ల గడ్డలు, ఆకుపచ్చ పదార్థం

ఉడికాక కండ మీద పెరుగు తరకల్లా కనిపించే తెల్లటిది లాబ్‌స్టర్ రక్తమే, పచ్చిగా ఉన్నప్పుడు రంగు కనబడదు, వేడికి గడ్డకడుతుంది. హాని లేదు, తుడిచేయండి. తల వైపు ఆకుపచ్చగా ఉండేది ఇందాక చెప్పిన జీర్ణగ్రంథి. కొందరు ఇష్టంగా తింటారు కానీ సముద్రంలోని కాలుష్యం చేరేది అక్కడే, కాబట్టి పిల్లలకీ గర్భిణులకీ పెట్టొద్దు. ఉడికిన తోకలో ఎర్రటి గింజలు గుడ్లు. అవి నల్లగా ఉంటే ఇంకా ఉడకలేదని అర్థం, మళ్లీ వేడి చేయండి. పెంకు మీదా పొర మీదా నల్ల మచ్చలు గాలి తగిలి వచ్చేవి, కోసిన వంకాయ నల్లబడే రసాయన చర్యే అది, వాసన బాగుంటే తినొచ్చు. ఆ మచ్చలు రాకుండా కొన్ని కంపెనీలు సల్ఫైట్లు కలుపుతాయి, ఆస్తమా ఉన్నవాళ్లు లేబుల్ చూసుకోవాలి. రొయ్యలు పడని చుట్టాలెవరైనా భోజనానికి వస్తుంటే లాబ్‌స్టర్ కూడా పెట్టకండి, రెండిట్లోనూ ఆ ఎలర్జీ కలిగించే ప్రోటీన్ ఒకటే, ఎంత ఉడికించినా పోదు.

అమోనియా వాసన

పారేయండి. చింతపండుతో, మసాలాతో ఆ వాసన కప్పేయొచ్చు కానీ లోపల చెడింది బాగవదు. ఎంత ఖరీదు పెట్టినా సరే. బిల్లు ఉంటే షాపుకి తీసుకెళ్లి అడగండి.

ఉప్పగా ఉంది, ట్రే నిండా నీళ్లు వదిలింది

లేబుల్ మీద సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉందేమో చూడండి. కండ నీళ్లు పట్టి ఉంచడానికి కలుపుతారు, మనం ఆ నీళ్లకి కూడా డబ్బు ఇస్తున్నట్టే. అలాంటివాటికి ఉప్పు అసలు వేయకుండా వండి, చివర రుచి చూడండి. ఏ తోకైనా పొయ్యెక్కే ముందు పేపర్ టవల్‌తో బాగా అద్ది ఆరబెట్టాలి, కడగటం పైపైన ఒక్కసారి చాలు.

మిగిలింది మర్నాటికి గట్టిపడింది

వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది. మైక్రోవేవ్ మాత్రం వద్దు. ఫాయిల్‌లో కొంచెం నెయ్యి, ఒక చెంచా నీళ్లు వేసి చుట్టి 350 ఓవెన్‌లో వేడెక్కేదాకా ఉంచండి, లేదా చల్లగానే సన్నగా తరిగి, కరివేపాకు, మిరియాలు వేసి వేయించిన అన్నంలో స్టవ్ ఆపాక కలుపుకోండి, ఆ అన్నం వేడికే ముక్క వెచ్చబడుతుంది.