కరాటే నేర్పే నాన్నకు వారం లెక్క

పగలు ఉద్యోగం, సాయంత్రం కరాటే క్లాసు, ఇంట్లో బడికెళ్లే పిల్లలు. మన ఊళ్లలో కరాటే, తైక్వాండో, కర్రసాము నేర్పే మాస్టర్లలో చాలామంది బతుకు ఇదే. వారానికి మూడు సాయంత్రాలు క్లాసు చెబుతూ ఇల్లూ, ఒళ్లూ రెండూ చూసుకోవాల్సిన వాళ్ల కోసం ఈ లెక్క.

ముందు రెండు భ్రమలు వదిలించుకోవాలి. ఒకటి, క్లాసు చెబుతున్నాం కాబట్టి వ్యాయామం అయిపోయినట్టే అనుకోవడం. గంట క్లాసులో మాస్టర్ నిలబడేది, అరిచేది, వంగి పిల్లల మోకాళ్లు సరిచేసేదే ఎక్కువ. నాలుగు కిక్‌లు చూపించి ఆగుతారు, గుండె వేగం అందుకునేలోపే చల్లబడుతుంది. ఆ చెమట చాలావరకు హాల్లో ఉక్కపోతది. రెండోది, పిల్లాణ్ని క్లాసుకు వెంట తీసుకెళ్తున్నాం కాబట్టి వాడితో గడిపినట్టే అనుకోవడం. అక్కడ మీ కళ్లు ముప్పై మంది మీద ఉంటాయి, వాడికి దక్కేది ముప్పయ్యో వంతు. ఈ రెంటినీ ఖాతాలో జమ వేసుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి పొట్టా వస్తుంది, ఇంట్లో పేచీ కూడా వస్తుంది.

తర్వాత, క్లాసు నిజంగా ఎంత సమయం తింటోందో కాగితం మీద వేయండి. బట్టలు మార్చుకుని బయల్దేరడం 10 నిమిషాలు, ప్రయాణం 15, మ్యాట్లు పరచడం 10, క్లాసు 60, అయ్యాక తల్లిదండ్రులతో మాటలు 20, తిరుగు ప్రయాణం 15, స్నానం 10. మొత్తం 140 నిమిషాలు. మూడు రోజులకు ఏడు గంటలు. ఫీజు లెక్క వేసేది మూడు గంటలకు, ఇంటినుంచి పోయేది ఏడు గంటలు.

ఇందులో కోయగలిగినవి రెండే. మ్యాట్ల పని సీనియర్ విద్యార్థులకు వంతులు వేసి అప్పగించండి. బ్రౌన్ బెల్టు పిల్లలకు అది బాధ్యత కూడా నేర్పుతుంది. తల్లిదండ్రులతో మాటలకు నెలలో ఒక శనివారం సాయంత్రం అరగంట పెట్టి, ‘మావాడు ఎలా చేస్తున్నాడు సార్’ అని ఎవరడిగినా ఆ రోజుకు రమ్మనండి. వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చండి. ఈ రెండు మార్పులతో వారానికి గంటన్నర ఇంటికి తిరిగొస్తుంది.

విద్యార్థులు పెరిగితే నాలుగో రోజు తెరవకండి. ఉన్న రోజుల్లోనే ఒకదానికి రెండో బ్యాచ్ కలపండి. కొత్త రోజుకు 140 నిమిషాలు పోతాయి, రెండో బ్యాచ్‌కు మాత్రం 60తో సరి. గొంతు పోతుందని భయమైతే లెక్క పెట్టడం సీనియర్లకిచ్చి, చప్పట్లతోనూ విజిల్‌తోనూ నడపండి.

వారం ఇలా కుదురుతుంది. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం 6:30 నుంచి క్లాసు. మంగళ, గురు, శనివారాలు పొద్దున 5:30 నుంచి 6:15 దాకా మీ సొంత సాధన. మంగళ, గురువారాల సాయంత్రాలు ఇంటివి. ఆ రెండు పూటలూ పిల్లల హోంవర్కు, అన్నం, నిద్రపుచ్చడం అన్నీ మీవే, ఆ సమయం మీ భార్య తనకిష్టమైనట్టు వాడుకోవాలి. మిగతా మూడు సాయంత్రాలూ ఆ బరువు ఆమె మోస్తేనే మీ క్లాసు నడుస్తోంది మరి. ఆదివారం క్లాసు పెట్టొద్దు. గ్రౌండు ఖాళీ, పిల్లలకు బడి లేదు అని ఆశ పుడుతుంది కానీ, ఇంటిల్లిపాదికీ కలిసొచ్చే రోజు అదొక్కటే. బెల్టు టెస్టుల కోసం మూడు నాలుగు నెలలకో ఆదివారం వాడుకోండి, ఆ తేదీలు సంవత్సరం మొదట్లోనే ఇంటి క్యాలెండర్ మీద రాసేయండి.

సాధన పొద్దునే ఎందుకంటే, రాత్రి ఎనిమిది దాటాక సీనియర్లతో గట్టిగా కుమితే (ఎదురెదురుగా తలపడే సాధన) ఆడితే ఒళ్లు వేడెక్కి చాలామందికి నిద్ర పట్టదు. 5:15కు లేవాలంటే 10:15కు పడుకోవాలి, ఏడు గంటలు పడాల్సిందే.

మంగళవారం, శనివారం బలం కోసం. ఐదారు నిమిషాలు ఒళ్లు వేడెక్కించాక డంబెల్ గుండెకు హత్తుకుని బస్కీలు 8 చొప్పున మూడు విడతలు. 12 కిలోలతో మొదలుపెట్టి, మూడో విడతలో ఇంకో రెండు తీయగలననిపిస్తే బరువు పెంచండి. ఒంటికాలి మీద నిలబడి, నడుం వంచకుండా తుంటి దగ్గర మడిచి డంబెల్ దించి లేపడం కాలికి 8 చొప్పున. దండీలు 10 నుంచి 15 చొప్పున మూడు విడతలు. బెంచీ మీద ఓ చేయి ఆన్చి డంబెల్ లాగడం చేతికి 10. చివర పక్కకు తిరిగి పడుకుని, పై కాలిని కుర్చీ మీద ఆన్చి నడుం పైకి లేపి 20 సెకన్లు నిలపడం, పక్కకు రెండేసి సార్లు. ఈ ఆఖరిది గజ్జల లోపలి కండరాలకు. కిక్‌లు వేసేవాళ్లకు తరచూ పట్టేసేది అక్కడే, చాలామంది ఎగ్గొట్టేదీ దాన్నే.

గురువారం బ్యాగ్ మీద రెండేసి నిమిషాల రౌండ్లు ఆరు, మధ్యలో నిమిషం విశ్రాంతి. బ్యాగ్ లేకపోతే స్కిప్పింగ్ తాడు. మిగిలిన సమయంలో మీ స్థాయి కటా (ఒక క్రమంలో కూర్చిన దెబ్బలు, అడ్డుల వరుస) చేయండి. ఏళ్ల తరబడి పిల్లలకు మొదట్లో నేర్పే హెయాన్ షోదాన్ కటాయే చూపించి చూపించి సొంత కటాలు మర్చిపోయిన బ్లాక్ బెల్టులు కొల్లలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, రెండు రోజుల కండరాల వ్యాయామం చెబుతున్నాయి. పై మూడు పూటలకు తోడు రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ కలిసి నడిచే 20 నిమిషాలు వారంలో మూడు నాలుగు సార్లు పడితే ఆ లెక్క తీరుతుంది.

మాస్టర్లకు దెబ్బలు తగిలేది పోటీల్లో తక్కువ, క్లాసులోనే ఎక్కువ. ఆఫీసు కుర్చీలోంచి లేచి వచ్చి, ఒళ్లు వేడెక్కకుండానే ‘ఇలా వేయాలి’ అని తలెత్తు మవాషి గేరి (పక్కనుంచి తిప్పి వేసే కిక్) చూపిస్తారు. తొడ వెనక నరం పట్టేసిందంటారు, నిజానికి లాగేసింది కండరం. పిల్లల వార్మప్ మీరూ వాళ్లతోపాటు పూర్తిగా చేయండి, విడిగా సమయం అక్కర్లేదు. నడుం ఎత్తు వరకే మీరు చూపించి, పై కిక్ సీనియర్‌తో చూపించండి. గాలిలో కిక్ వేసేటప్పుడు మోకాలు టక్కున పూర్తిగా చాపేయొద్దు. రోజుకు వందసార్లు చూపించేవాళ్ల మోకాళ్లు అక్కడే దెబ్బతింటాయి. ఎప్పుడూ కుడికాలితోనే చూపించే అలవాటు ఇంకొకటి. పిల్లలకు ఎదురుగా నిలబడితే వాళ్లు మిమ్మల్ని అద్దంలా అనుకరిస్తారు కాబట్టి, వాళ్లు కుడికాలు వేయాలంటే మీరు ఎడమకాలు వేయాలి. ఎదురుగా ఉన్నప్పుడు ఎడమ, వీపు చూపినప్పుడు కుడి అని పెట్టుకుంటే రెండు పక్కలూ సమంగా పడతాయి. ప్యాడ్ పట్టడం పిల్లలకే జంటలుగా నేర్పండి. ముప్పై మందికి మీరొక్కరే పడితే మోచేయి, భుజం నెలలోనే మొరాయిస్తాయి.

మీ పిల్లాడు మీ క్లాసులోనే ఉంటే ఇంకొంచెం జాగ్రత్త. పక్షపాతం లేదని చూపించడానికి సొంత బిడ్డనే రెండింతలు కసరడం ఎక్కువమంది తండ్రులు చేసే పని. వాణ్ని వాడి బెల్టుకు తగ్గ వరుసలోనే నిలబెట్టండి. టెక్నిక్ చూపించడానికి ప్రతిసారీ వాణ్నే పిలిచి నేలమీద పడేయొద్దు. బెల్టు టెస్టు మార్కులు ఇంకో మాస్టర్‌తో వేయించండి. అక్కడ సార్, గుమ్మం దాటితే నాన్న. బండి మీద ఇంటికొచ్చేటప్పుడు వాడు ఎత్తితే తప్ప కరాటే ఊసే ఎత్తొద్దు. ‘నాన్నా, నేను రాను’ అన్నాడంటే ఒక నెల వదిలేయండి. క్రికెటే ఆడతానంటే ఆడనివ్వండి, లేదా ఇంకో మాస్టర్ దగ్గర చేర్పించండి. ఆరేళ్ల లోపు పిల్లలను గంట క్లాసులో కూర్చోబెట్టడం వాళ్లకూ, మీకూ శిక్షే.

ఇంట్లో ఆట వేరు. పావుగంట చాలు, లెక్కలూ తప్పులు దిద్దడాలూ ఉండకూడదు. ఇద్దరూ నడుం వెనక చేతిరుమాలు తోకలా దోపుకుని ఒకరిది ఒకరు లాగేయాలి. హాలు నుంచి వంటింటి దాకా ఎలుగుబంటి నడక, వెనక్కి పీత నడక. దిండు మీరు వాడి ఛాతీ ఎత్తులో పట్టుకుంటే వాడు గుద్దుతాడు. టైల్స్ నేల కాబట్టి సాక్సులు విప్పించండి. మీటరు చదరపు, 20 మిల్లీమీటర్ల మందం ఫోమ్ మ్యాట్లు ఆరు కలిపితే సరిపోతుంది, ఆటయ్యాక మంచం కింద దూరిపోతాయి. తలకూ, మెడకూ చేతులు వెళ్లకూడదన్నదొక్కటే నియమం.

క్లాసు రోజుల్లో తిండి దగ్గర లెక్క తప్పుతుంది. ఐదున్నరకు రెండు ఇడ్లీలో, ఓ అరటిపండూ గుప్పెడు వేయించిన పల్లీలో తినండి. లేకపోతే రాత్రి తొమ్మిదికి ఆకలి మీద కంచం నిండా తిని, పొద్దున లేవలేరు. పిల్లలు ఎనిమిదికి తినేస్తారనుకుంటే క్లాసును అరగంట ముందే మొదలుపెట్టడం మేలు, కలిసి తినే పూట పోగొట్టుకోవద్దు.

ఏడాదిలో మార్చి మీకు కలిసొచ్చే నెల. పదో తరగతి పరీక్షల వల్ల హాజరు పడిపోతుంది, బ్యాచ్‌లు కలిపేసి మిగిలిన పూట సాధనకు వాడుకోండి. మే నెల దానికి ఎదురు. సమ్మర్ క్యాంపుల డబ్బు మంచిదే కానీ, మీ పిల్లలకు సెలవులున్నదీ అప్పుడే. క్యాంపును పొద్దున 6 నుంచి 7:30 వరకే పెట్టి సాయంత్రం బ్యాచ్‌లు ఆ నెలకు ఆపేయండి. క్యాంపు తర్వాత ఒక వారం, దసరాకు, సంక్రాంతికి సెలవులు అని ఫీజు రసీదు మీదే అచ్చు వేయించండి. చేరేరోజే తెలిస్తే ఎవరూ అడగరు, మధ్యలో చెబితే అందరూ అడుగుతారు.