వెన్నెముక పాఠం – 3: పూసల్ని వేలితో పట్టుకోవడం

పోయిన పాఠంలో లెక్క చూశాం. మెడలో 7, వీపులో 12, నడుములో 5, మొత్తం 24 కదిలే పూసలు. వాటి కింద త్రికాస్థి (నడుము కిందుండే ముక్కోణపు ఎముక), తోక ఎముక. ఈసారి పుస్తకం మూసేసి మనిషి వీపు పట్టుకుందాం.

మన డెల్టాలో ఇందుకు మంచి వీపులకు కొదవలేదు. ఊడ్పులకెళ్లే బక్కపలచని మనిషి అయితే ప్రతి పూసా వేలికి తగులుతుంది. కొబ్బరి దింపు తీసేవాళ్లకి రెండు పక్కలా కండలు గట్లలా లేచి, పూసలు మధ్యలో బోదెలో ఉన్నట్టుంటాయి. కాస్త నొక్కి వెతకాలి.

పీట మీద కూర్చోబెట్టి తల వంచమనండి. మెడ అడుగున రెండు మూడు గుబ్బలు లేస్తాయి. తొందరపడి పెద్దదే 7వది అనుకోకండి, ఒక్కోసారి దాని కిందిదే ఎక్కువ పొడుచుకొస్తుంది. గుబ్బల మీద తలా ఒక వేలు ఆనించి, తల మెల్లగా వెనక్కి ఎత్తమనండి. వేలి కింద నుంచి లోపలికి తప్పుకునేది 6వది. దాని కింద కదలకుండా నిలిచేది 7వది.

చేతులు కిందికి వేలాడేస్తే రెక్క ఎముక కింది కొస దాదాపు వీపు 7వ పూస దగ్గరకొస్తుంది. గూని ఉంటే ఈ గుర్తు పనికిరాదు.

అసలైనది నడుము. మనిషిని నిలబెట్టి, తుంటి ఎముకల పై అంచుల మీద రెండు అరచేతులూ ఆనించి, బొటనవేళ్లు మధ్యలో కలపండి. అది నడుము 4వ పూస, లేదా దాని కింది సందు. మొలతాడుని నమ్ముకోవద్దు, అది జారుతుంది. ఒళ్లున్నవాళ్లకి చేతులు పైనే ఆగిపోయి 3వ పూస దగ్గర చూపిస్తాయి.

తుంటి ఎముకల పై అంచుల్ని కలిపే ఈ గీత ఎందుకంత ముఖ్యం? పెద్దవాళ్లలో వెన్నుపాము సాధారణంగా నడుము 1, 2 పూసల దగ్గరే ఆగిపోతుంది. ఆ కింద ఉండేవి నీటిలో వేలాడే నరాలే. సిజేరియన్‌కి నడుములో మత్తు సూది ఈ గీత చుట్టుపక్కలే వేస్తారు. సూది వెన్నుపాములో దిగుతుందేమోనని టెన్షన్ పడేవాళ్లకి ఇదే జవాబు.

ఇక కొలత. నడుము కింద రెండు గుంటలుంటాయి. వాటి మధ్యన ఒక చుక్క, 10 సెం.మీ. పైన ఒకటి, 5 సెం.మీ. కింద ఒకటి పెట్టండి. మోకాళ్లు మడవకుండా వంగమని, పై చుక్కకీ కింది చుక్కకీ మధ్య టేపు పట్టండి. 15 ఉన్నది 20కి చేరితే నడుము బాగానే వంగుతున్నట్టు.

వచ్చే పాఠానికి ముగ్గురిని కొలిచి రాసుకోండి, ఒకరు అరవై దాటినవాళ్లయితే మంచిది. నడుంనొప్పితో ఉన్నవాళ్లని మాత్రం వంగమనకండి.