పాత మిలిటరీ రైఫిల్‌ని చదవడం – 4వ పాఠం: బ్యారెల్‌లో ఉప్పు

గత పాఠంలో బోల్ట్ (తూటాని లోపలికి నెట్టి, వెనక నుంచి మూసే కడ్డీ) బయటికి తీసి, తుడిచి, మళ్లీ ఎక్కించడం దాకా వచ్చాం. ఈసారి బ్యారెల్. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇదే. విశాఖలో ఉంటున్నవాళ్లకి ఇందులో సగం ముందే తెలుసు. బీచ్ రోడ్డు దగ్గర ఇల్లున్న ఎవరినైనా అడగండి. కిటికీ గ్రిల్‌కి రంగు వేసిన ఏడాది తిరక్కుండానే అతుకుల దగ్గర ఎర్రగా పొంగుతుందని చెబుతారు. గేటు తాళం, ఏసీ బయటి యూనిట్, స్కూటర్ సైలెన్సర్, అన్నిటిదీ అదే కథ. పాత సైనిక రైఫిల్ బ్యారెల్‌లో జరిగేదీ అదే. కాకపోతే అక్కడ ఉప్పు గాలిలోంచి కాదు, తూటాలోంచి వస్తుంది.

ముందు మూడో పాఠం తర్వాత చాలామంది అడిగిన ప్రశ్న. ఇంత చవకగా దొరికే పాత తుపాకులు నిజంగా నమ్మదగినవేనా?

అమెరికా సంగతి తీసుకోండి. సోవియట్ యూనియన్ విడిపోయాక మొసిన్-నాగాంట్ రైఫిళ్లు గ్రీజు పూతతో, పెట్టెలకి పెట్టెలు అక్కడికి చేరాయి. 2000 తర్వాత కొన్నేళ్లపాటు వంద డాలర్ల లోపే ఒకటి వచ్చేది. 1891లో రష్యా సైన్యంలోకి వచ్చిన రకం అది. ధర తక్కువని నాసిరకం అనుకోకూడదు. తయారీ ఖర్చు ఆ ప్రభుత్వం ఎప్పుడో పెట్టేసింది. కొన్నవాడు కట్టింది గోదాము ఖాళీ చేసే ధర మాత్రమే. ఒక యుద్ధాన్ని దాటి వచ్చిన వస్తువు సామాన్యుడి చేతికి అందడంలో ఉన్న ఆకర్షణ నాకు బాగా అర్థమవుతుంది.

నమ్మకానికీ ధరకీ మాత్రం లంకె లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా సైనికులు రాస్ రైఫిల్‌తో వెళ్లారు. గురి విషయంలో అది చాలా మంచి తుపాకీ. కానీ 1915లో బెల్జియంలోని ఈప్ర దగ్గర కందకాల బురదలో బోల్టులు బిగుసుకుపోయాయి. ఛాంబర్, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది, మరీ బిగువు. దానికి తోడు బ్రిటిష్ తూటాల కొలతలు అన్నీ ఒకేలా ఉండేవి కావు. కాలితో తన్ని బోల్ట్ తెరవాల్సి వచ్చిన సైనికులు, చనిపోయిన బ్రిటిష్ సైనికుల రైఫిళ్లు, లీ-ఎన్‌ఫీల్డులు, ఏరుకున్నారు. 1916లో రాస్‌ని ముందు వరుస నుంచి తీసేశారు, కొందరు స్నైపర్లు మాత్రం వదల్లేదు. లీ-ఎన్‌ఫీల్డ్‌లో కొలతలు కాస్త వదులుగా ఉంటాయి. బురద పట్టినా బోల్ట్ తిరుగుతుంది. అలాగని చవకైనదల్లా మొండిగా పనిచేస్తుందనీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో వేగంగా, చవకగా చేసిన స్టెన్ గన్ మ్యాగజైన్ దగ్గరే మొరాయించేది.

ఇవన్నీ మోడల్ గురించిన మాటలు. మీ చేతిలో ఉన్న ఆ ఒక్క తుపాకీ ఎలా ఉందన్నది వేరే లెక్క, అది తేలేది బ్యారెల్‌లోనే.

పాత సైనిక తూటాల ప్రైమర్‌లో (తూటా అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందుని అంటించే చిన్న మూత) పొటాషియం క్లోరేట్ వాడేవారు. ఎండలో, మంచులో, గోదాములో దశాబ్దాల తరబడి పడి ఉన్నా నమ్మకంగా పేలుతుందని సైన్యాలకి అదంటే ఇష్టం. పేలాక అది పొటాషియం క్లోరైడ్‌గా మారి బ్యారెల్ గోడలకి అంటుకుంటుంది. అంటే ఉప్పే. మన వంటింటి ఉప్పుకి దగ్గరి చుట్టం. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీస్తే లోపల ఎలా చెమర్చి ఉంటుందో తెలుసుగా? బ్యారెల్‌లోని ఈ ఉప్పు కూడా గాలిలోని తేమని లాక్కుంటుంది. ఆ తేమే ఉక్కుని తింటుంది. ఏళ్లు గడిచినా తప్పకుండా పేలిన తూటానే, పేలాక బ్యారెల్‌కి శత్రువు అవుతుంది. పొడి ఊళ్లో కొన్నాళ్లు ఓపిక పట్టొచ్చు. విశాఖలో ఆ రాత్రికే పని మొదలు.

ఇక్కడే నేను ఒక తప్పు చేశాను. కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపులో .303 రైఫిల్‌తో ఫైరింగ్ అయ్యాక, నా వంతు రైఫిల్‌ని చాలా శ్రద్ధగా శుభ్రం చేశాననుకున్నాను. చిందీకి (గుడ్డ పీలికకి) నూనె పట్టించి, పుల్‌త్రూతో, అంటే చివర బరువు కట్టిన తాడుతో, బ్యారెల్‌లోంచి పది సార్లు లాగాను. బ్యారెల్ అద్దంలా మెరిసింది. ఆగస్టు నెల, ముసురు. వారం తర్వాత కోత్ (ఆయుధాల గది) తెరిచి చూస్తే లోపల గోధుమరంగు చారలు. మాకు నేర్పే ఉస్తాద్ ఒక్కటే అడిగారు: “పానీ డాలా?” నీళ్లు పోశావా అని. ఇనుములో నీళ్లేమిటని నేను తెల్లమొహం వేశాను. ఆయన కోప్పడలేదు. పొయ్యి మీద నీళ్లు పెట్టించి, పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. ఆ రైఫిల్‌కి పడ్డ గుంటలు మాత్రం పోలేదు. ఇప్పటికీ నాకు అది బాధే.

ఉప్పు నూనెలో కరగదు. నీళ్లలోనే కరుగుతుంది. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంటుందనుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి. ఉప్పు మీద నూనె రాస్తే దాన్ని భద్రంగా కప్పి ఉంచినట్టే. బ్రిటిష్ సైన్యంలో ఇందుకోసమే వంపు ముక్కు ఉన్న రేకు గరాటు ఇచ్చేవారు. బోల్ట్ తీసేసి, మూతి (గుండు బయటికి వచ్చే చివర) కిందికి పెట్టి, ఛాంబర్ వైపు నుంచి మరిగే నీళ్లు పోయాలి. చల్లనీళ్లు కూడా ఉప్పుని కరిగిస్తాయి. కానీ మరిగే నీళ్లతో బ్యారెల్ వేడెక్కి తనంతట తనే ఆరిపోతుంది. తర్వాత పొడి చిందీ, అది తెల్లగా బయటికి వచ్చేదాకా. చివర్న నూనె చిందీ, పల్చగా. బోల్ట్ మొహం మర్చిపోవద్దు, ప్రైమర్ పేలేది దాని ఎదురుగానే. అమెరికాలో కొందరు అద్దాలు తుడిచే నీలం ద్రావణం కొడతారు. అందులో అమ్మోనియా ఏదో చేస్తుందని వాళ్ల నమ్మకం. పని చేసేది అందులోని నీళ్లు.

పుల్‌త్రూ లాగేటప్పుడు తాడు నిటారుగా రావాలి. పక్కకి వంచి లాగితే మూతి దగ్గర ఒకవైపు అరిగిపోతుంది. వందల మంది చేతులు మారిన రైఫిళ్లలో బ్యారెల్ మధ్యంతా బాగుండి, మూతి మాత్రం పాడైనవి అందుకే ఎక్కువ. అలాంటి మొసిన్లకి సోవియట్ ఆయుధశాలల్లో మూతి లోపలి అరుగుని కాస్త లోతు దాకా తొలిచేసి మళ్లీ పనిలోకి పంపారు.

ఇప్పుడు చూడటం. మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి, ఛాంబర్‌లో వేలు పెట్టి ఖాళీ అని తేల్చుకోండి. పక్కన ఇంకొకరు కూడా చూడాలి. ఎన్‌సీసీ పిల్లలకి ‘జాంచ్ శస్త్ర్’ (తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూపించమనే ఆదేశం) ఎందుకో చెప్పక్కర్లేదు. బోల్ట్ పూర్తిగా బయటికి తీసి, ఛాంబర్ దగ్గర తెల్ల కాగితం ముక్క వాలుగా పెట్టి, పైనుంచి లైటు పడేలా చూసి, మూతి వైపు నుంచి చూడండి. బ్యారెల్ లోపల మెలికలుగా కోసిన గాడుల అంచులు పదునుగా మెలిక తిరుగుతూ కనబడితే మంచిది. బూడిద రంగు గరుకు ఉంటే బాధ లేదు, తుపాకీ ఇంకా బాగానే కొడుతుంది. నల్ల చుక్కలు, గుంటలు గాడుల మూలల్లో వరసగా ఉంటే అది ఎవరో నీళ్లు పోయని సాయంత్రం. కొత్త నూనె రాసి మెరిపించిన బ్యారెల్‌ని నమ్మకండి. ముందు పొడి చిందీ లాగి, తర్వాత చూడండి.

చెక్క కింద కూడా చూడాలి. చెక్క తేమని పట్టి ఉంచుతుంది. పైకి నిగనిగలాడే బ్యారెల్‌కి, చెక్క అంచు వెంబడి దిగువన తుప్పు గీత దొరకొచ్చు. తోలు సంచిలో, కాన్వాసు కవర్లో ఏళ్ల తరబడి ఉంచినవాటిని మరీ జాగ్రత్తగా చూడండి. మన ఊళ్లో కవర్ అంటే తడి గుడ్డ చుట్టినట్టే.

చట్టం గురించి ఒక మాట. మన దగ్గర .303, 7.62 లాంటి సైనిక తూటాల రైఫిళ్లు మామూలు లైసెన్స్‌తో రావు. 1959 ఆయుధ చట్టం దాటి ఏదీ తాకొద్దు. లైసెన్స్‌తో దొరికే .315 రైఫిల్ ఇషాపూర్‌లో తయారైనదే, దాని బోల్ట్‌ది లీ-ఎన్‌ఫీల్డ్ వంశం. ఎన్‌సీసీలో, షూటింగ్ క్లబ్బులో, ఇంట్లో లైసెన్స్ ఉన్న పెద్దవాళ్ల దగ్గర, వాళ్లు ఉండగానే నేర్చుకోండి.

తుపాకీ అందుబాటులో లేనివాళ్లకి ఈ వారం అభ్యాసం. మూడు ఇనుప మేకులు తీసుకుని గరుకు కాగితంతో మెరిసేలా రుద్దండి. మొదటిదాన్ని ఉప్పు నీళ్లలో ముంచి, ఆరాక కుట్టుమిషను నూనె రాయండి. రెండోదాన్ని అలాగే ముంచి ఆరబెట్టి, మరిగే నీళ్లతో కడిగి, తుడిచి, అప్పుడు నూనె రాయండి. మూడోదానికి వట్టి నూనె. మూడింటికీ మూడు రంగుల దారాలు కట్టి, సముద్రం గాలి తగిలే కిటికీలో, వాన పడని చోట పది రోజులు ఉంచండి. రోజూ ఒకే వేళకి చూసి, మొదటి ఎర్ర చుక్క ఎక్కడ కనబడిందో రాసుకోండి. తల దగ్గరా, మొన దగ్గరా, మధ్యలోనా? ఆ కాగితం దాచి ఉంచండి. అయిదో పాఠంలో మ్యాగజైన్ స్ప్రింగ్ తుప్పు ఎక్కడ మొదలవుతుందో చూసేటప్పుడు దాన్ని పక్కన పెట్టుకుందాం.