క్యాన్సర్ జీనోమిక్స్‌లో తొలి ప్రాజెక్టు: మ్యుటేషన్ల జాబితాను నమ్మే ముందు

క్యాన్సర్ కణాల డీఎన్ఏ చదివి అందులోని మార్పులను (మ్యుటేషన్లను) వెతకడమే క్యాన్సర్ జీనోమిక్స్. బయాలజీ నుంచి వచ్చినవాళ్లకు కమాండ్ లైన్ కొత్త, కోడింగ్ నుంచి వచ్చినవాళ్లకు ట్యూమర్ కొత్త. ఇద్దరికీ పనికొచ్చే తొలి ప్రాజెక్టు మాత్రం ఒకటే. అచ్చయిన పేపర్ ఒకటి తీసుకుని, అందులో ఒకే ఒక్క బొమ్మను పబ్లిక్ డేటాతో మళ్లీ గీయండి. మీ అంకెలు పేపర్‌తో ఎక్కడ కలవలేదో, ఎందుకు కలవలేదో చెప్పగలిగితే సగం విద్య వచ్చేసినట్టే. కొత్త ఐడియాల వేట తర్వాత పెట్టుకోవచ్చు.

డేటాకు 2006లో మొదలైన టీసీజీఏ (ద క్యాన్సర్ జీనోమ్ అట్లస్) అనే అమెరికా ప్రాజెక్టు చాలు. 33 రకాల క్యాన్సర్లు, 11 వేలకు పైగా రోగులు. మ్యుటేషన్లను వరుసగా రాసిన మాఫ్ ఫైళ్లను ఆ డేటా ఉంచే జీడీసీ పోర్టల్ నుంచి ఎవరైనా దించుకోవచ్చు. అసలు రీడ్స్ (యంత్రం చదివిన చిన్న డీఎన్ఏ ముక్కలు) ఉండే బ్యామ్ ఫైళ్లకు మాత్రం అనుమతి కావాలి, దానికి మీ సంస్థ సంతకం కూడా పడాలి. అది వచ్చేదాకా ఊరికే కూర్చోకుండా హెచ్‌సీసీ1395 అనే రొమ్ము క్యాన్సర్ సెల్ లైన్‌తో (ల్యాబ్‌లో పెంచుతూ వచ్చే కణాలతో) సాధన చేయండి. దాని ట్యూమర్ రీడ్స్, అదే మనిషి మామూలు కణాల (నార్మల్) రీడ్స్ రెండూ బహిరంగంగానే ఉన్నాయి, సరిచూసిన మ్యుటేషన్ల జాబితా కూడా ఉంది. అంటే జవాబులున్న లెక్కల పుస్తకం అన్నమాట.

ప్రతి శాంపిల్‌కీ ఉండే టీసీజీఏ బార్‌కోడ్‌లో నాలుగో భాగం చూడకుండా ఏదీ లెక్కపెట్టొద్దు. 01 అంటే ప్రాథమిక ట్యూమర్, 06 అంటే మరోచోటికి పాకింది, 10 రక్తం నుంచి తీసిన నార్మల్, 11 కణజాలం నుంచి తీసిన నార్మల్. ఒకే రోగికి 01, 06 రెండూ ఉంటే ఆ మనిషిని రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉంది.

తర్వాత జీనోమ్ వెర్షన్, అంటే స్థానాలు లెక్కపెట్టడానికి వాడే మనిషి డీఎన్ఏ నమూనా: పాతది హెచ్‌జీ19, కొత్తది హెచ్‌జీ38. బీఆర్‌ఏఎఫ్ జన్యువులో వీ600ఈ మ్యుటేషన్ హెచ్‌జీ38లో 7వ క్రోమోజోమ్ 140753336 దగ్గర ఉంటుంది. హెచ్‌జీ19లో అదే 140453136. రెండు వెర్షన్ల ఫైళ్లు కలిపేస్తే ప్రోగ్రామ్ కిక్కురుమనదు, తప్పుడు జవాబు ఇచ్చి ఊరుకుంటుంది. ఈ రెండు అంకెలు దగ్గర పెట్టుకుంటే ఈ మ్యుటేషన్ తరచుగా ఉండే మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) ఫైల్ ఏ వెర్షన్‌దో చిటికెలో తేలుతుంది. ఇంకో చిక్కు: మ్యుటేషన్లు రాసే వీసీఎఫ్ ఫైల్లో స్థానాల లెక్క 1 నుంచి, జీనోమ్ భాగాలు రాసే బెడ్ ఫైల్లో 0 నుంచి మొదలవుతుంది. అన్నీ ఒక్క స్థానం పక్కకు జరిగినట్టు కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

రీడ్స్‌లో మ్యుటేషన్లు వెతికే మ్యూటెక్ట్2 ప్రోగ్రామ్ నడిపేటప్పుడు ట్యూమర్‌తో పాటు అదే రోగి నార్మల్, నోమ్యాడ్ ఫైల్ (జనంలో మామూలుగా ఉండే వేరియంట్ల జాబితా), ప్యానెల్ ఆఫ్ నార్మల్స్ (చాలా నార్మల్ శాంపిళ్లలో కనిపించే దొంగ మార్పుల జాబితా) ఇవ్వండి. దాని అవుట్‌పుట్ ఇంకా వడకట్టని సరుకు. ఫిల్టర్‌మ్యూటెక్ట్‌కాల్స్ నడిపి, 'పాస్' అని వచ్చిన వరుసలే తీసుకోవాలి. ఈ మెట్టు మరచిపోయి, వేల మ్యుటేషన్లు దొరికాయని సంబరపడేవాళ్లు తక్కువేం కాదు.

ఇక అసలు విషయం, ప్యూరిటీ, అంటే శాంపిల్‌లో క్యాన్సర్ కణాల వాటా. ముక్కలో క్యాన్సర్ కణాలు 40 శాతమే అనుకుందాం. జన్యువుకున్న రెండు కాపీల్లో ఒకదానిలో ఉన్న మ్యుటేషన్ 20 శాతం రీడ్స్‌లోనే కనిపించాలి. డెప్త్ (ఆ స్థానాన్ని చదివిన రీడ్స్ సంఖ్య) 100 ఉంటే 20 రీడ్స్, 30 ఉంటే ఆరు. సగం క్యాన్సర్ కణాల్లోనే ఉన్న మ్యుటేషన్ అయితే ఆ ఆరు కాస్తా మూడు. మూడు రీడ్స్ మీద కథ అల్లకూడదు. ఇలాంటి శాంపిల్‌లో 50 శాతం దగ్గర మ్యుటేషన్లు గుంపుగా కనిపిస్తే మురిసిపోవద్దు, అన్ని కణాల్లోనూ ఉండే, పుట్టుకతో వచ్చిన వేరియంట్లు జల్లెడ దాటి వచ్చాయేమో, నార్మల్ శాంపిల్ వేరే మనిషిదేమో చూడండి.

జాబితాలోంచి 50 వరుసలు ఎంచి, రీడ్స్‌ను తెరపై చూపే ఐజీవీలో కళ్లారా చూడండి. మార్పు ఒకే దిశ రీడ్స్‌లో ఉందా? అన్ని రీడ్స్ చివర్లలోనే ఉందా? అయితే అది దొంగ మార్పు కావచ్చు. ఫార్మలిన్‌లో ఉంచి మైనంలో పోసిన శాంపిల్ అయితే సైటోసిన్ చెడిపోయి, సీ స్థానంలో టీ వచ్చిన దొంగ మార్పులు తక్కువ శాతంలో బోలెడు కనిపిస్తాయి. రోజంతా పట్టే చాకిరీయే, కానీ ఏ కోర్సూ ఇంత నేర్పదు.

ఎక్కువ మందిలో మారిన జన్యువే ముఖ్యమైనదనుకోవడం ఇంకో ఉచ్చు. టీటీఎన్ అనే జన్యువు చాలా క్యాన్సర్ల జాబితాల్లో పైనే ఉంటుంది. అది తయారుచేసే ప్రోటీన్‌లో దాదాపు 35 వేల అమైనో ఆమ్లాలు. అంత పొడవైన జన్యువు మీద యాదృచ్ఛికంగానే దెబ్బలు పడతాయి. టీపీ53 ప్రోటీన్ 393 అమైనో ఆమ్లాలే, అయినా పైనే ఉంటుంది. పట్టించుకోవాల్సింది దాన్ని.

జన్యువుల పేర్లున్న ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయొద్దు. సెప్ట్2, మార్చ్1 తేదీలైపోతాయి. ఈ బాధ పడలేక 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చారు, కానీ పాత ఫైళ్లలో పాత పేర్లే ఉన్నాయి.

పని మొత్తం గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) పెట్టండి, టూల్స్ వెర్షన్లు వాటిని ఇన్‌స్టాల్ చేసే కోండా ఫైల్లో రాయండి, మెట్లన్నీ వరుసగా నడిపే స్నేక్‌మేక్‌లో కట్టండి. ఉద్యోగానికో పీహెచ్‌డీకో అప్లై చేసేటప్పుడు ఆ ఒక్క బొమ్మ, దాన్ని గీసిన కోడ్, పేపర్‌తో కలవని అంకెల గురించి ఒక పేజీ వివరణ చూపిస్తే చాలు. అనుమతితో తెచ్చుకున్న రోగుల డేటా మాత్రం, ఒక్క వీసీఎఫ్ ఫైలైనా సరే, గిట్‌హబ్‌కి ఎక్కకూడదు. మొదటి కమిట్‌కి (గిట్‌లో మార్పులు భద్రపరచడం) ముందే, గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా అయిన గిట్‌ఇగ్నోర్‌లో రాసి పెట్టుకోండి. ఒకసారి ఎక్కాక తీసేసినా పాత కమిట్లలో అది ఉండిపోతుంది.